లాగడం సరే, ఆగడం ఎలా?



మీలో చాలామంది పిల్లల్ని తీసుకుని చార్మినారు చూసి, అక్కడి నుండి నాలుగడుగులు వేసి ఖిల్వత్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళే ఉంటారు. అక్కడ ఒక పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ హయాంలో ఆర్డరు పెట్టిన బండి అది. ఆయన 1911లో కన్నుమూశారు. బండి కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్ చేతికి వచ్చింది. ఇటువంటి కార్లకు చీపుళ్ళు కట్టించి ఒక రాజుగారు వీధులు ఊడిపించారని ఒక కథ వినే ఉంటారు. కొందరు ఆ రాజు నిజామంటారు, కొందరు అల్వార్ మహారాజంటారు, మరికొందరు పటియాలా అంటారు. ఇన్ని పేర్లతో తిరిగే కథను కథగానే ఉంచుదాం. కానీ అది వింటే మనకు నవ్వు ఎందుకొస్తుంది? వేగానికీ సొగసుకీ పుట్టిన వస్తువును మోటు పనికి పెట్టడం దానికి అవమానమని మన లెక్క. అది నిజంగా అవమానమేనా?

ఈ ప్రశ్న నన్ను పట్టుకున్నది ప్యాలెస్‌లో కాదు, శాలిబండ దగ్గర ఒక మెకానిక్ షెడ్డులో.

మా విచారణలో ఒక కుర్రవాడున్నాడు. తండ్రిది పెళ్ళిళ్ళకు లైట్లు, జనరేటరు అద్దెకిచ్చే పని. కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, ముచ్చటపడి ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే తలుపులు, నేలకు జానెడు ఎత్తు. ఇంతలో తండ్రి జీపు మూలపడింది. బారాత్‌లకు జనరేటరు ట్రాలీని లాగే దిక్కు లేదు. "ఫాదర్, నా కారు వెనుక ఒక కొక్కెం వేయిస్తే సరిపోతుంది. ఇంజను బలంలో జీపు దీనికి సగం కూడా రాదు" అన్నాడు. తండ్రి కోసం తన ముద్దుల కారును ట్రాలీకి కట్టడానికి సిద్ధపడ్డ కొడుకును చూసి నాకు సంతోషం కలిగింది. నా స్కూటరు బాగుచేసే ఉస్తాద్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను.

ఆయన టార్చి పట్టుకుని కారు కిందికి దూరి, చాలాసేపటికి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ ఒకే మాటన్నాడు: "ఖీంచ్ లేతీ ఫాదర్ సాబ్, రుక్తీ క్యా?" లాగుతుంది సరే, ఆగుతుందా అని.

ఆయన చెప్పిన లెక్క వినండి. ట్రాలీ 600 కిలోలనుకుంటే దాదాపు పదో వంతు, అంటే 60 కిలోలు, కొక్కెం మీద కూర్చోవాలి. మరీ తగ్గితే ట్రాలీ రోడ్డు మీద తోక ఊపుతుంది. కొక్కెమేమో వెనుక చక్రాలకు అవతల ఉంటుంది. అక్కడ బరువు పడితే తక్కెడలాగా ముందు భాగం తేలుతుంది, స్టీరింగు తిప్పే చక్రాలకే పట్టు తగ్గుతుంది. కారు బ్రేకులు కారు బరువును చూసుకుని చేసినవి. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దిగేటప్పుడు, బ్రేకులు లేని ట్రాలీ వెనుక నుండి నెడుతుంటే అవి ఏపాటి? ఇక బారాత్‌లో చీమనడక నడిస్తే క్లచ్ కాలిపోతుంది. చాలా స్పోర్ట్స్ కార్ల పుస్తకాల్లో ట్రాలీ లాగరాదనే రాసి ఉంటుందట. చట్టం సంగతి సరేసరి. ఆర్.సి.లోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది.

"బండి నాది కదా ఫాదర్" అన్నాడు కుర్రవాడు. బండి అతనిదే. కానీ బండి ముందు చిందులేసే పిల్లలు, పక్కన తీగలకు కట్టుబడి లైట్లు మోసే కూలీలు అతనివారు కాదు కదా. ఈ సంగతి అతనికి వెంటనే అర్థమైంది. నాకే మరో ప్రశ్న మిగిలింది.

గురువిద్యాలయంలో అరిస్టాటిల్‌ను చదివే రోజుల్లో డెల్ఫీ కత్తి అని ఒకటి వినేవాళ్ళం. ఒకే కత్తి పది పనులకు. ప్రకృతి అలా పిసినారిగా వస్తువులు చేయదనీ, ఒక్కో పనిముట్టు ఒక్కో పనికే అనీ ఆయన 'రాజనీతి' మొదటి భాగంలో అంటాడు. కార్ల విషయంలో ఆ మాట ఒప్పుకోవచ్చు. అయితే అదే భాగంలో ఆ మహానుభావుడు బానిసను ప్రాణమున్న పనిముట్టు అంటాడు! మనిషిని కూడా ఏ పనికి పుట్టాడో చూసి కొలవడం మొదలుపెడితే ఎక్కడికి చేరతామో చూడండి.

పైగా వస్తువులు కూడా అంత మొండివి కావు. లంబోర్గిని పేరు వింటే మన కుర్రాళ్ళ కళ్ళు మెరుస్తాయి. ఆ ఇటలీ పెద్దమనిషి 1948లో మొదలుపెట్టింది ట్రాక్టర్ల తయారీ. కార్ల కంపెనీ 1963లో గానీ రాలేదు. పసుపు కారు సంగతే తీసుకోండి. ఆ సిల్వర్ ఘోస్ట్ ఛాసిస్ మీదే 1914లో ఇనుప కవచం తొడిగి యుద్ధానికి పంపారు. రాజుల బండి టన్నుల కొద్దీ ఇనుము మోసింది. కాకపోతే ముందు స్ప్రింగులు గట్టిపరచి, వెనుక చక్రాలను జోడు చేసి, ఆ తరువాతే బరువు పెట్టారు. కాబట్టి బరువు లాగడం చిన్నతనం కాదు. ఎద్దును, గాడిదను ఒకే కాడికి కట్టి దున్నవద్దని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చెప్పేటప్పుడు కూడా గాడిదకు పని చెప్పవద్దని అనలేదు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. చురుకైన బిడ్డ ఒకరుంటే ఏం చేస్తాం? చెల్లెలి పెళ్ళి అప్పు, తమ్ముడి ఫీజు, నాన్న ఆసుపత్రి ఖర్చు, ఇంటి కిస్తీ, అన్నీ ఒక్క కొక్కేనికే తగిలిస్తాం. "వాడికేం, లాగేస్తాడు" అంటాం. ఇంజను చూస్తాం గానీ బ్రేకు చూడం. "ఇక నావల్ల కాదమ్మా" అనే మాట ఆ ఇంట్లో చెల్లుతుందా? చెల్లితే ఎంత బరువైనా పెట్టండి, ప్రేమతో లాగుతాడు. చెల్లకపోతే ఆ బిడ్డ ఎంత బలవంతుడైనా సరే, వాలులో ఉన్నట్టే.

మీ ఇళ్ళ గురించి ఇంత ధైర్యంగా రాస్తున్నాను గానీ, మా విచారణలో ఒక అమ్మాయి ఉండేది. బి.కాం. చదువుతోంది. పాటల బృందం ఆమెకే అప్పజెప్పాను. బాగా నడిపింది గనుక ఆదివారపు సత్యోపదేశం ఇచ్చాను. అదీ బాగా చేసింది గనుక దేవాలయం లెక్కలు ఇచ్చాను. ఏనాడూ కాదనలేదు. "సరే ఫాదర్" అనేది. వరుసగా మూడు ఆదివారాలు రాకపోయేసరికి ఇంటికి వెళ్ళాను. రెండు పేపర్లు పోయాయని తల్లి చెప్పింది. "నాన్నగారికి కాదని చెప్పొచ్చు, ఫాదర్‌కు ఎలా చెబుతాం" అంది అమ్మాయి, నవ్వుతూనే.

కుర్రవాడి తండ్రి ఇప్పుడు జనరేటరును అద్దె టాటా ఏస్ మీద పంపుతున్నాడు. ఖర్చు కాస్త ఎక్కువే. సెలవు దొరికిన రాత్రి కొడుకు వెళ్ళి లైట్ల తీగలు చుడతాడు. దేవాలయం లెక్కల పుస్తకం తిరిగి నా బల్ల మీదికి వచ్చింది. నిన్న రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. 17 రూపాయలు తేడా వస్తోంది.