నేల విడిచిన పాదం

మార్కమ్‌లోని యూనియన్‌విల్ స్టేషన్‌లో గో రైలెక్కి టొరంటో ఫోర్ సీజన్స్ సెంటర్‌కు వెళ్తాను. 1951లో సీలియా ఫ్రాంకా స్థాపించిన నేషనల్ బాలే ఆఫ్ కెనడా ‘జిజెల్’ ఆడితే టికెట్టు కొనకుండా ఉండలేను. చవకైన పై వరుసే నాకిష్టం. తెల్లబట్టల ప్రేతకన్యల బారులు అక్కణ్ణుంచి ముగ్గేసినట్టు కనిపిస్తాయి.

చిన్నప్పుడు కూచిపూడి చూస్తూ పెరిగాను. అక్కడ పాదం నేలను గట్టిగా తట్టాలి. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచున నిలిచినా ఆ పళ్లెం నేల మీదే కదులుతుంది. ఇక్కడ బాలేలోనేమో వేళ్ల కొసల మీద లేచి నేలను వదిలిపోవాలని చూస్తారు. మోక్షం ఎటుంది, కిందా, పైనా? ఏళ్లుగా ఇదే నా ప్రశ్న.

‘జిజెల్’ రెండో అంకం ఆ ప్రశ్ననే మార్చేసింది. మోసపోయి, గుండె పగిలి చనిపోయిన పల్లెపిల్ల జిజెల్, మగవాళ్లను చచ్చేదాకా ఆడించే ఆ ప్రేతాల మధ్య, తనను మోసగించినవాడికే తెల్లవార్లూ అడ్డుగా నిలుస్తుంది. ఒళ్లు పోయాక క్షమ ఎక్కడుంటుంది? కూచిపూడి భామాకలాపంలో సత్యభామ అహం కరిగి కృష్ణుణ్ణి చేరుతుంది. జిజెల్‌కు ఎవరూ దక్కరు, అయినా ఏమీ అడగదు. గీతలోని ఫలాపేక్ష లేని కర్మ నాకు అక్కడే కళ్లకు కట్టింది.

తెల్లవారు గంట మోగింది. ఆమె సమాధిలోకి జారిపోయింది. తిరుగు రైల్లో మంచు బూట్లు విప్పి, రెండు పాదాలూ నేలకానించి కూర్చున్నాను.