అచ్చు మోపిన చేయి

యంత్రపు పనికన్న చేతిపని నీతిలో గొప్పదా? కళను ప్రేమించే అభ్యుదయవాదులలో చాలామంది గొప్పదే అంటారు. అలా అనేముందు విలియం మోరిస్ గోడకాగితాల కథను కొంచెం పరిశీలించాలి.

ఇంగ్లండులో ఇంటి గోడలకు అంటించే పూలకాగితాలను 1840లనుంచే యంత్రాలు చవకగా అచ్చువేస్తున్నాయి. అయినా మోరిస్ గీసిన పూలనూ తీగలనూ 1864 నుంచి లండనులో జెఫ్రీ కంపెనీ కార్ఖానా చేతితోనే అచ్చువేసింది. పెడనలో కలంకారీ అద్దకం చూసినవారికి ఆ పని తెలిసినదే. పియర్ చెక్కమీద బొమ్మ చెక్కుతారు. రంగు పూసిన గుడ్డకు అచ్చును అద్ది, కాగితంమీద మోపి నొక్కుతారు. ఒక రంగు ఆరితేగాని రెండవది వేయరు. గురి వెంట్రుకవాసి తప్పినా కాగితం పాడే. 1875 నాటి 'అకాంథస్' అనే ఒక్క నమూనాకు 15 రంగులు, 30 అచ్చులు పట్టాయి.

పనిలో మనిషి పొందే ఆనందమే కళ అన్నాడు మోరిస్. కాని తీగ ఎటు సాగాలో నిర్ణయించే ఆనందం అతనిది. ఆ తీగమీద గురి తప్పక అచ్చు మోపే బాధ్యత కూలివానిది. కూలివానికి నేర్పు ఉంది, స్వేచ్ఛ లేదు. అంత శ్రమ పోసిన కాగితం చివరకు చేరింది ధనికుల గోడలకే.

రంగు సంగతి మరీ చేదు. మోరిస్ తొలి నమూనాలలో ఒకటైన 'ట్రెల్లిస్' కాగితపు ముక్కను ఆండ్రూ మెహార్గ్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షించి, ఆకుల పచ్చదనంలో ఆర్సెనిక్ విషం ఉన్నదని 2003లో ప్రకటించాడు. మోరిస్‌కు తండ్రినుంచి సంక్రమించిన సంపద డెవన్ గ్రేట్ కన్సోల్స్ అనే గనిది. అక్కడ రాగితోపాటు ఆర్సెనిక్ కూడా తీసేవారు. 1871 నుంచి 1875 వరకు మోరిస్ ఆ గనికి డైరెక్టరు.

ఇంతమాత్రాన అతన్ని కపటి అనడం సులువు. కాని అది విమర్శ కాదు. ఒక మంచి మనిషి ఒక మంచి కార్ఖానాతో వర్గసమాజాన్ని దాటిపోలేడన్నదే ఇక్కడి పాఠం. మోరిసే ఆ పాఠం నేర్చుకొని 1883లో సోషలిస్టు ఉద్యమంలో చేరాడు. యంత్రాలను పగలగొట్టమని అతను చెప్పలేదు. అవి మనిషి బరువును దించడానికి బదులు యజమాని లాభాన్ని పెంచుతున్నాయని చెప్పాడు.

కాబట్టి చేయా, యంత్రమా అన్నది అసలు ప్రశ్న కాదు. ఆలోచన ఎవరిది, చెమట ఎవరిది, గోడ ఎవరిది? రేపు పెడన వెళ్లి అచ్చు మోపే మనిషి ముందు నిలబడినప్పుడు, అతని పనితనాన్ని మెచ్చుకొనేముందు కూలి ఎంత గిడుతున్నదో అడుగుదాం. మన సౌందర్యశాస్త్రం అక్కడే మొదలుకావాలి.