సూర్యకాంతియు కాయకధర్మమును

బొగ్గును కాల్చి విద్యుత్తు పొందుటవలన వెలువడు బొగ్గుపులుసు వాయువు భూమిని వేడెక్కించుచున్నది. కావున సూర్యుని ఆశ్రయించుట ధర్మమే. అయితే ఆ మార్గమునందును ఒక పరీక్ష కలదు.

తుమకూరు జిల్లాలో ఆంధ్రసీమను ఆనుకొనియున్న పావగడ కరవుప్రాంతము. అచ్చట సుమారు 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము 2019 నాటికి పూర్తియైనది. రైతుల భూమిని కొనక, ఎకరమునకు ఏటా 21,000 రూపాయల కౌలు నిర్ణయించిరి. వానకై ఎదురుచూచి అలసిన రైతునకు ఇది ఊరట. కాని ఆ చేలలో కలుపు తీసి, కోత కోసి బ్రతికిన భూమిలేని కూలీకి కౌలు లేదు, పనియు పోయినది. ఫలకములు కడుగుట, గడ్డి కోయుట, కావలి కాయుట వంటి పనులు కొందరికే దొరకినవి.

బసవేశ్వరుడు కాయకమును పూజగా నిలిపెను. దాని ఫలమును దాసోహమునకు అర్పింపుమనెను. కాయకము కోల్పోయినవానికి దానము చాలదు. మరల కాయకమునే కల్పింపవలెను. సూర్యుడు పేద, ధనిక భేదమెంచడు. ఆ కాంతి ఫలమును పంచుటలో మనమేల ఎంచవలెను? మఠములు తమ కప్పులపై సౌరఫలకములు నిలుపునపుడు, వానిని బిగించి బాగుచేయు విద్యను ఊరి కూలీబిడ్డలకు నేర్పుటయే మొదటి దాసోహము కావలెను.