ఆత్మను అమ్మవచ్చునా?

ఆంగ్లభాషలో ‘సోల్’ అను మాట చుట్టు ఎన్నో జాతీయములు అల్లుకొనియున్నవి. నిఘంటువు దానికి ‘ఆత్మ’ అని అర్థము చూపి ఊరకుండును. కాని ఆ జాతీయములను తెలుగులోనికో హిందీలోనికో తెచ్చుటకు పూనుకొన్నవానికి ఆ ఒక్క మాట చాలదని త్వరలోనే తెలియును. వీధిలో ఒక్క ‘సోల్’ కూడ లేదని ఆంగ్లేయుడు అన్నచోట తెలుగువాడు నరమానవుడు లేడనును. దీనుని చూచి ఆంగ్లేయుడు ‘పూర్ సోల్’ అని జాలిపడగా, తెలుగు తల్లి ‘పాపము!’ అనును, హిందీ తల్లి ‘బేచారా’ అనును. ఈ మూడు చోట్లను జాలి ఒక్కటే. ఆత్మ ప్రసక్తి మాత్రము ఒక్క ఆంగ్లముననే కలదు.

ఈ జాతీయములను పరిశీలించినచో అవి రెండు తెగలుగా విడిపోవును. మొదటి తెగలో ‘సోల్’ అనగా మనిషియే. రెండవ తెగలో అది మనిషి కలిగియున్న ఒక వస్తువు.

మొదటి తెగకు ఓడల లెక్క మంచి ఉదాహరణము. ఓడకు గాని విమానమునకు గాని ఆపద కలిగినపుడు అందెన్ని ‘సోల్స్’ కలవని నేటికిని అడుగుదురు. ఆ లెక్కలో కప్తాను, పనివాడు, ధనికుడు, చంకబిడ్డ సమానులే. 1906లో బెర్లిను నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశము ఎస్.ఓ.ఎస్. అను ఆపత్సంకేతమును అంగీకరించెను. మూడు చుక్కలు, మూడు గీతలు, మరల మూడు చుక్కలు సులభముగా గుర్తింపవచ్చునని దానిని ఎన్నుకొనిరేగాని, ఆ అక్షరములకు వేరు అర్థము లేదు. ఐనను ‘మా ఆత్మలను రక్షింపుడు’ అని జనులు వానికి అర్థము కల్పించుకొనిరి. తెలుగులో ఇచట ‘ప్రాణములు’ అనుటయే ఒప్పు.

చిక్కు రెండవ తెగలో కలదు. అందు ఆత్మను వెదకికొందురు, విప్పి చూపుదురు, పోగొట్టుకొందురు, అమ్ముకొందురు. క్రిస్టఫర్ మార్లో (1564–1593) వ్రాసిన నాటకమున ఫాస్టసు పండితుడు 24 సంవత్సరముల భోగమును కోరి, తన నెత్తుటితో పత్రము వ్రాసి, ఆత్మను లూసిఫరు పరము చేయును. గడువు తీరిన రాత్రి పత్రము ప్రకారము సరకు చెల్లింపక తప్పలేదు. ఈ కథను చదివిన వేదాంతికి సందేహము కలుగును. ఆత్మ ‘నాది’ అనదగిన వస్తువు కాదు. ‘నాది’ అనువాడే అది. ఇక అమ్మువాడెవడు? సరకేది?

ఈ సందేహము వట్టి పాండిత్య విషయము కాదు. ఆత్మ నశింపదు, దానికి మలినము అంటదు అను మాటను అడ్డుపెట్టుకొని అక్రమము చేయువాడు నిశ్చింతగా నిద్రింపవచ్చునా? లంచము పుచ్చుకొన్నది చేయియేగాని ఆత్మ కాదని తప్పించుకొనవచ్చునా?

ఈశావాస్యోపనిషత్తు ఈ దారిని ముందుగనే మూసినది. దాని మూడవ మంత్రము ఆత్మను చంపుకొనువారిని గూర్చి చెప్పును. నశింపనిదానిని చంపుట ఎట్లు? ఉన్న ఆత్మను అజ్ఞానముచే తిరస్కరించుటయే దానిని చంపుట అని శంకరుల భాష్యము. అమ్ముకొనుట కూడ అట్టిదే. సరకు ఎచటికిని పోదు. అమ్మినవాడు మాత్రము దానికి దూరమగును. హిందీలో ఇట్టివానిని ‘జమీర్’ అమ్ముకొన్నవాడందురు. అరబ్బీనుండి వచ్చిన ఈ మాటకు అంతస్సాక్షి అని అర్థము. ఆ భాషా వ్యాకరణములో సర్వనామమునకును అదే పేరు. సంస్కృతమున ఆత్మశబ్దము కూడ ‘తాను’ అను అర్థమున సర్వనామమువలె ప్రయుక్తమగును. కావున దానిని అమ్ముకొన్నవానికి ధనము మిగులును గాని, ‘ఈ పని చేసినది నేను’ అని ఒప్పుకొనుటకు ‘నేను’ మిగులదు.

భారతేందు హరిశ్చంద్రుడు హిందీలోను, బలిజేపల్లి లక్ష్మీకాంతము తెలుగులోను నాటకముగా వ్రాసిన సత్యహరిశ్చంద్రుని కథ ఫాస్టసు కథకు సరిగా ఎదురు నిలుచును. ఆ రాజు కాశిలో ఆలుబిడ్డలను అమ్మెను, తన్ను తాను అమ్ముకొనెను, మాటను అమ్మలేదు. ఆలిని అమ్ముట ధర్మమా అని నేటి పాఠకుడు అడుగవచ్చును; అడుగవలెను కూడ. తన సత్యమునకు ఇతరులచే వెల కట్టించుటయు ఒక విధమైన అమ్మకమే కదా.

ఈ ప్రశ్న ఆంగ్లములోని మరియొక జాతీయమునకు దారితీయును. దేహమును ఆత్మను కలిపి ఉంచుట అని వారనునది, తెలుగులో బొందిలో ప్రాణము నిలుపుకొనుట. 1877లో మద్రాసు రాజధానిని కరవు పీడించుచుండగా, సహాయపు పనులలో పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించెను. అది చాలదని సానిటరీ కమిషనరు డాక్టరు కార్నిష్ వాదించెను. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు ఆ కరవుచే మిక్కిలి నలిగినవి. అట్టివేళ ఆత్మకు ఆకలి లేదనుట వేదాంతము కాదు, నిర్దయ. ఓడలోని ప్రతి ప్రాణమును సమముగా లెక్కించిన భాషయే ఇచట ప్రాణమునకు కనీసపు తూకమును వెదకినది.

ఆత్మను అమ్ముటకు వీలులేదను మాట సత్యమే. కాని ఆ సత్యము తన తప్పును కప్పుకొనుటకు గాని, పరుల ఆకలిని మరచుటకు గాని ఉపకరించినచో, పలికినవాడు దానిని అమ్ముకొన్నట్లే.