స్థూలకాయము ఎవరి దోషము?

పెండ్లి పంక్తిలో స్థూలకాయుడొకడు కూర్చున్నప్పుడు, చాలు చాలునని అతడు విస్తరికి చేయి అడ్డము పెట్టుచున్నను వినక, రెండవ బొబ్బట్టు వేసి, దానిపై నేతిగిన్నె వంచి, కొసరి కొసరి తినిపింతుము. చేయి కడుగుకొనుటకు అతడు లేచి వెళ్లిన పిమ్మట, నోరు కట్టుకొనలేనివాడని చెవులు కొఱుకుకొందుము. శరీరమును చూచి శీలమును నిర్ణయించు ఈ అధికారము మనకెక్కడిది?

మితాహారము ధర్మమనుటలో నాకు సందేహము లేదు. అతిగా భుజించువానికిని, బొత్తిగా భుజింపనివానికిని యోగము సిద్ధింపదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున చెప్పియున్నాడు. కాని ఆ మాట సాధకుడు తన్ను తాను దిద్దుకొనుటకు చెప్పినదే గాని, పొరుగువాని పొట్టను కొలుచుటకు చెప్పినది కాదు.

ఈ విషయమున చరకసంహిత సూత్రస్థానములోని ఇరువదియొకటవ అధ్యాయము మిక్కిలి చదువదగినది. అతిస్థౌల్యమునకు గురుమధురస్నిగ్ధాహారమును, వ్యాయామము లేమిని, పగటినిద్రను కారణములుగా చెప్పి, చివర బీజస్వభావమును, అనగా తలిదండ్రులనుండి సంక్రమించిన ప్రకృతిని గూడ ఆ మహర్షి చేర్చినాడు. అమితమైన ఆకలిదప్పులను ఆయన ఆ స్థితివలన కలుగు అష్టదోషములలో లెక్కించినాడు. మేదస్సు మార్గములను కప్పివేయగా కోష్ఠమున చిక్కిన వాయువు జఠరాగ్నిని రగుల్చుననియు, ఆ రెండును కలిసి కార్చిచ్చు అడవిని దహించునట్లు స్థూలకాయుని దహించుననియు వర్ణించినాడు.

ఆ అగ్నియే నేటి వైద్యులు చెప్పు శోథమని నేననను. రెండు శాస్త్రముల పరిభాషలు వేరు, ప్రమాణములు వేరు. అయినను 1993లో హోటమిస్లిగిల్, స్పీగెల్‌మన్ ప్రభృతులు స్థూలమైన ఎలుకల కొవ్వులో టీ.ఎన్.ఎఫ్. ఆల్ఫా అను శోథకారకద్రవ్యము అధికముగా పుట్టి ఇన్సులిన్ పనికి అడ్డుతగులుచున్నదని కనుగొన్నది మొదలు, కొవ్వు జడపదార్థము కాదను సంగతి స్పష్టపడినది. ఉబ్బి నశించుచున్న కొవ్వుకణముల చుట్టును మాక్రోఫేజులను రక్షకకణములు గుమిగూడును. దెబ్బ తగిలినచోట ఎఱుపును, వాపును, వేడిని, నొప్పిని పుట్టించి, పని ముగియగనే చల్లారవలసిన మంట, ఇచ్చట నొప్పియైనను తెలియనీయక, ఏండ్ల తరబడి నివురుగప్పిన నిప్పువలె నిలిచి, మెటబాలిక్ సిండ్రోమ్ అని పిలువబడు రోగసమూహమునకు, అనగా పెరిగిన నడుముతో గూడిన రక్తపుపోటునకును, చక్కెరకును, రక్తములోని కొవ్వుల తారుమారునకును తోడ్పడుచున్నది. నిల్వలు చాలునను వార్తను మెదడునకు మోయు లెప్టిన్‌ను 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొన్నది. స్థూలకాయులలో పెక్కుమందికి అది సమృద్ధిగానే యున్నను మెదడు ఆ వార్తను చెవినిబెట్టదు. అట్టివాని ఆకలిని లౌల్యమని నిందించుట న్యాయము కాదు.

ఇక కర్మవాదులకు ఒక ప్రశ్న. పుణె సమీప గ్రామములలో చిత్తరంజన్ యాజ్ఞిక్ ప్రభృతులు పరీక్షించిన నవజాతశిశువులు సుమారు 2.7 కిలోలు తూగగా, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులు 3.5 కిలోలు తూగిరి. కాని బక్కచిక్కిన ఆ పుణె బిడ్డలలో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. తల్లికి చాలని తిండి ఇందుకు ఒక కారణమని పరిశోధకుల అభిప్రాయము. ఇంకను పాలైనను త్రాగని ఆ శిశువు ఏ ఇంద్రియమును నిగ్రహింపలేదని దోషి యగును? పూర్వజన్మమును సాక్షిగా పిలుచుటకు ముందు ఈ జన్మములో ఆ తల్లి విస్తరిని చూడవలదా? సన్ననివాడు నిగ్రహవంతుడను నమ్మకమును ఇట్లే నిలువదు. మనవారిలో కాలుసేతులు సన్నగానుండి పొట్ట మాత్రము పెరిగినవారికి మధుమేహము తఱచు. అందుచేతనే మన పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్ల నడుమును వైద్యులు హద్దుగా పెట్టిరి.

ఎవరి నిగ్రహమును వారు సాధింతురుగాక. గృహస్థులకు నా విన్నపమొక్కటే: అందరును తినిన పిమ్మట మిగిలినది తిను ఆచారమును గర్భిణికి తప్పించి, పప్పును, ఆకుకూరను, పాలను ముందుగా ఆమెకు పెట్టుడు.