చీకటి కూడా కాపాడదగినదే

దీపం వెలిగించడం పుణ్యమని పెద్దలు చెప్పినారు. చీకటిని కాపాడడం కూడా ధర్మం కాగలదా? ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. కాని రాత్రివేళ ఆకాశాన్ని పరిశీలించేవారికి ఇది నిత్యం ఎదురయ్యే ప్రశ్నయే.

ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల నడుమ అడవి అంచున ఉన్నది టేకులపల్లి. కార్తికంలో వెన్నెల లేని రాత్రి అటువంటి ఊరి పెరటిలో చిన్న దూరదర్శినిని నిలిపి చూచినచో ఆండ్రోమెడా గెలాక్సీ పలుచని పొగమరకవలె కానవచ్చును. ఆ వెలుగు బయలుదేరి సుమారు 25 లక్షల సంవత్సరాలైనది. మన కన్ను చీకటికి కుదురుకొనుటకే అరగంట పట్టును.

వచ్చిన వెలుగును కన్ను నిలువ చేయలేదు. ఛాయాచిత్ర ఫలకం చేయగలదు. భూభ్రమణానికి అనుగుణంగా దూరదర్శినిని నిదానంగా త్రిప్పుతూ గంటల తరబడి వెలుగును ఒకేచోట పడనిచ్చినచో, ఆ మరకయే సుడి తిరిగిన బాహువులతో రూపుకట్టును. నేడు కెమెరాతో అనేక చిత్రాలు తీసి ఒకదానిపై ఒకటి చేర్చుచున్నారు. సాధనం మారినను కావలసినది ఓర్పే.

అయితే ఫలకానికి వివేకం లేదు. గెలాక్సీ వెలుగుతోపాటు వీధిదీపపు వెలుగును కూడా అంతే విధేయతతో కూడబెట్టును. తరువాత ఆ మసకను లెక్కగట్టి తీసివేయవచ్చును గాని, అందులో మునిగిన సన్నని వివరం పూర్తిగా తిరిగిరాదు.

1901లో నవాబు జఫర్ జంగ్ హైదరాబాదులోని ఫిసల్‌బండలో, తన ఆవరణలోనే స్థాపించిన వేధశాల నిజామియా వేధశాలగా ప్రసిద్ధి చెందినది. ఆకాశాన్నంతటినీ ఛాయాచిత్రాలలో నమోదు చేసే ప్రపంచవ్యాప్త కృషిలో అది పాలుపంచుకొన్నది. కాలక్రమాన నగరం పెరిగినది. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని నగరానికి దూరంగా రంగాపూర్‌లో నెలకొల్పినది. చీకటిని వెదకుకొంటూ పోవలసిన కాలం వచ్చినది.

టేకులపల్లికి పొరుగున ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం ఆరంభమైనది. బొగ్గు అనగా పాతిక కోట్ల సంవత్సరాలకు పూర్వం ఆకులు కూడబెట్టిన సూర్యకాంతియే గదా! సింగరేణి బొగ్గును పాల్వంచలో కాల్చి విద్యుత్తు చేయుచున్నారు. అంతటి ప్రాచీన నిధిని వెచ్చించి, దీపాల వెలుగును వృథాగా పైకి చిమ్మి, లక్షల ఏండ్లు పయనించి వచ్చిన మరొక వెలుగును గుమ్మం వద్దనే త్రోసివేయడం న్యాయమా?

దీపమే వద్దనరాదు. చదువుకొనే బాలికకు, పాములు తిరిగే బాటలో నడిచేవారికి అది రక్ష. దోషం దీపంలో లేదు, హద్దు లేకపోవడంలో ఉన్నది. పైన మూత ఉంచి నేలవైపు త్రిప్పిన దీపం బాటసారికి దారి చూపును, ఆకాశాన్ని మరుగుపరచదు. గర్భాలయంలో చిన్న నూనెదీపమే చాలును. కన్ను కుదురుకొన్నకొలదీ మూర్తి స్పష్టమగును.

మనస్సు కూడా అట్టి ఫలకమే. దీర్ఘసాధన మంచిని మాత్రమే పెంచునని భావిస్తాము. నిజానికి అది తనపై పడిన ప్రతిదానినీ పెంచును. జపంతోపాటు అసూయనూ పెంచును. కనుక ఎంతసేపు కూర్చున్నామని లెక్కించుకొనుటకు ముందు, ఏ వెలుగుకు తలుపు తెరచి ఉంచినామో విచారించుకొనవలెను.