ఇంకా కొత్త కాలేదు

చైత్రంలో అరకు వైపు కొండ ఊళ్లకు వెళితే మామిడి చెట్ల కింద కాయలు రాలి పడి ఉంటాయి. ఎవరూ నోట పెట్టరు. ఎందుకమ్మా అని ఒక ముసలమ్మను అడిగితే, "ఇంకా కొత్త కాలేదు బాబూ" అంది. మామిడి కొత్త పండుగ జరగాలి. ముహూర్తాలు పెట్టే దిసారి రోజు చూసి చెప్పాలి, పూజారి ఊరి దేవత రాళ్ల ముందు తొలికాయ పెట్టాలి, ఇంట్లో పితరులకు చెల్లాలి. అందాకా పెరటి చెట్టు కాయైనా సొంతం కాదు. కొర్రలకూ, సామలకూ, చిక్కుళ్లకూ ఇదే కట్టు.

ఈ కట్టు వెనక ఉన్నది దైవమే. కానీ దైవం లోకాతీతం అనగానే మన చూపు ఆకాశం వైపు పోతుంది. యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాల్లో సృష్టికర్త వేరు, సృష్టి వేరు. సీనాయి పర్వతం మీదికి దేవుడు దిగివచ్చాడు గానీ ఆ పర్వతం దేవుడు కాదు. అల్లా తేజస్సు సోకగానే మూసా (మోషే) కళ్లముందే కొండ పిండైపోయిందని ఖురాన్ చెబుతుంది. మన్యంలోనేమో కొండే దేవత. అందుకే గిరిజన మతాలకు అతీతమన్న ఊహే లేదని, అదంతా ప్రకృతి ఆరాధనేనని తేల్చేసేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను.

లేవీయకాండం 23వ అధ్యాయం తీసి చూడండి. తొలి పన దేవునికి అర్పించేదాకా కొత్త ధాన్యంతో రొట్టె గానీ, పేలాలు గానీ, పచ్చి వెన్నులు గానీ తినకూడదని అక్కడ ఆజ్ఞ. ఆ ముసలమ్మ వింటే తన ఊరి కట్టే అనుకుంటుంది. పంట కోసిన రోజే దాని హక్కు చెల్లించమంటుంది ఖురాన్ ఆరో సూరా. విశాఖ తీరాన తొట్లకొండ మీద బతికిన బౌద్ధ భిక్షువులకు సృష్టికర్త ఊసే లేదు. అయినా ఎవరో చేతికి అందిస్తే తప్ప ముద్ద నోట పెట్టకూడదని వారి సంఘ నియమావళి అయిన వినయం చెబుతుంది. ఒకరి దైవం కొండకు ఆవల, ఒకరిది కొండలోనే, మరొకరికి దైవంతో పనే లేదు. అందరూ అన్నం దగ్గరే ఆగారు.

దైవం మనిషిని మించినదా కాదా అని తేల్చడానికి నేను దూరం కొలవను. ఆకలి మీదున్న చేతిని ఆపగలిగితే చాలు, అది మనిషిని మించినదే. ఆకాశమంత ఎత్తున దేవుణ్ణి నిలుపుకుని, దొరికిందల్లా నాదే అనుకునేవాడికి ఆ దేవుడు దూరపువాడే తప్ప పెద్దవాడు కాదు.

ఈ కట్టు కాయలకూ గింజలకూ మాత్రమే పరిమితం కాలేదు. అరకు దాటి ఒడిశాలోకి సాగే ఇవే తూర్పు కనుమల్లో నియమగిరి ఉంది. డోంగ్రియా కోందుల నియమరాజు నెలవు అది. అక్కడ బాక్సైట్ తవ్వితే ఆయన పూజకు భంగమా కాదా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జులై, ఆగస్టుల్లో 12 ఊళ్లలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి.